పదమూడు అడుగుల ఎత్తున తీగ

వెళ్ళైయమ్మాళ్ పోయిందన్న కబురు తెల్లవారుతుండగా వచ్చింది. పెరుమాళ్ ముందు ఏడవలేదు. ముందు తలెత్తి తీగ వైపు చూశాడు. అలా చూసినందుకు ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. తల్లి లేని తనను చిన్నప్పుడు సొంత పిల్లల పక్కన కూర్చోబెట్టుకుని గంజి పోసిన మనిషి, తొంభై రెండేళ్ల మనిషి, ఎదురింట్లో చల్లబడి పడుకుని ఉంటే, తనేమో వాకిట్లో లుంగీ ఎగగట్టుకుని తీగ ఎత్తు కళ్లతో కొలుస్తున్నాడు.

కొలవడానికి ఏముంది? పదమూడు అడుగులు. కట్టింది తనే.

ఆ తీగ సంగతి చెప్పాలంటే పుదుచ్చేరి పక్కనున్న కిరుమాంబాక్కం ఊరి సంగతి కొంచెం చెప్పాలి. కడలూరు రోడ్డు మీద ఉన్న ఇళ్లకూ అంగళ్లకూ ఫైబర్ లైను వచ్చి నాలుగేళ్లయింది. రోడ్డు దిగి కాలువ దాటితే వెనక వీధి. ముప్పై ఇళ్లు. తాతల నాటినుంచి ఇంట్లో తెలుగూ బయట అరవమూ మాట్లాడుకుంటూ, టౌన్‌లో సర్కారు కొలువులూ కూలిపనులూ చేసుకుంటూ బతుకుతున్న కుటుంబాలు. లైను ఆ వీధికి మాత్రం రాలేదు. అడిగితే కంపెనీ వాళ్లు ఒకసారి ఇళ్లు చాలవన్నారు, ఒకసారి కాలువ మీద స్తంభం లేదన్నారు, ఒకసారి వచ్చే నెల సర్వే అన్నారు. ఆ వచ్చే నెల నాలుగేళ్లుగా వస్తూనే ఉంది.

పెరుమాళ్ పుదుచ్చేరి టౌన్‌లో కరెంటు డిపార్టుమెంటు లైను హెల్పరుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. వైతికుప్పం సముద్రపు గాలికి తుప్పు పట్టే స్తంభాల దగ్గరనుంచి బస్టాండు వెనక సందుల దాకా అతను ఎక్కని కంబం లేదు. టౌన్‌లో ఒక్కో కంబానికి మూడు కంపెనీల తీగలు వేలాడుతుంటాయి. లైను పెట్టించుకోండమ్మా అని ఇంటికొచ్చి బతిమాలుతుంటారు. ఊరు దాటి ఇరవై నిమిషాలు బస్సులో వచ్చేసరికి అదే తీగకు అంత గీర ఎలా వస్తుందో అతనికి అర్థమయ్యేది కాదు. వీధిలో ఎవరు దొరికినా ఆ మాటే అని తిట్టేవాడు. తిట్టినంత మాత్రాన లైను కాలువ దాటుతుందా? దాటలేదు.

దాటించాల్సిన అవసరం కూతురు సుగంధి వల్ల వచ్చింది. సుగంధి డిగ్రీ చదివింది. టౌన్‌లో ఒక ఆసుపత్రిలో రికార్డుల గదిలో చేరి ఏడాది పనిచేసింది కూడా. అంతలో తల్లి భాగ్యానికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. తల్లిని లేపి కూర్చోబెట్టాలన్నా, స్నానం చేయించాలన్నా సుగంధే. ఉద్యోగం మానేసింది. ఆ పిల్ల ఇంట్లో కూర్చుని చేయగల మంచి పని ఒక్కటే కనిపించింది. చెన్నైలో ఒక కంపెనీ ఆసుపత్రి రికార్డులు పంపిస్తుంది, వాటిని చదివి రోగానికో కోడు, వైద్యానికో కోడు వేయాలి. దానికోసం రెండేళ్లు పుస్తకాలు పెట్టుకుని చదివింది. పరీక్ష కూడా ఇంట్లోనే, కెమెరా ముందర, రెండున్నర గంటలు. గదిలో ఇంకో మనిషి కనపడకూడదు. కళ్లు తెర మీదనుంచి పక్కకు పోకూడదు. పెదాలు కదలకూడదు, కదిలితే ఎవరినో అడుగుతున్నట్టు లెక్క. లైను ఒక్క నిమిషం తెగితే పరీక్ష మూతపడుతుంది. రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు.

మొదటిసారి ఏప్రిల్‌లో ఫోను సిగ్నలు నమ్ముకుని రాసింది. నలభయ్యో నిమిషాన సిగ్నలు పోయింది. రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది ఆ పిల్ల. మూడో రోజు లేచి తల్లికి తల దువ్వింది గాని, తండ్రితో మాట్లాడలేదు. ఆ మౌనాన్ని పెరుమాళ్ భరించలేకపోయాడు.

రోడ్డు మీద మందుల అంగడి గుణశేఖరన్‌ను పట్టుకుని ఒప్పించాడు. అతని కనెక్షన్ నుంచి రెండు వందల నలభై మీటర్ల తీగ లాక్కుని, కాలువ గట్టున సరివి గుంజలు నాటి, వీధిలోకి తెచ్చాడు. ఆఖరి కంబం వెళ్ళైయమ్మాళ్ వాకిట్లో పడాలి. అక్కడినుంచి వీధికి అడ్డంగా ఇరవై అడుగులు దాటితే పెరుమాళ్ ఇంటి గోడ. ముసలామె కొడుకు మాడసామి మా వాకిట్లో ఎందుకన్నాడు. ముసలామె మంచం మీదనుంచే కసిరింది. నాటుకోనీరా, మన వీధి పిల్ల బాగుపడుతుంటే నీకేం నొప్పి అంది. ఆ మాటతో కంబం లేచింది.

ఇక్కడ పెరుమాళ్ రెండు తప్పులు చేశాడు. ఒకటి చేతి తప్పు, ఇంకోటి మనసు తప్పు.

చేతి తప్పు ఇది. ఫైబరు తీగ కట్టేవాళ్లు ప్రతి కంబం దగ్గరా ఒక చుట్ట వదులుగా వదిలిపెడతారు, రేపు ఏదైనా అవసరం పడితే అందులోంచి లాక్కోవచ్చని. గుణశేఖరన్ ఆ మాట చెప్పనే చెప్పాడు. పెరుమాళ్ నవ్వాడు. ముప్పై ఒక్క ఏళ్లు కరెంటు తీగలు బిగించిన చేతులవి. వదులుగా వేలాడే తీగను చూస్తే అతనికి ఒళ్లంతా చీదర. వేలాడే తీగ మనిషిని చంపుతుందని పైవాళ్లు నేర్పించిన పాఠం రక్తంలో ఇంకిపోయింది. అందుకని ఈ తీగనూ అలాగే బిగించాడు. మొదటి గుంజ నుంచి ఇంటి గోడ దాకా ఎక్కడా వేలెడు వదులు లేకుండా లాగి కట్టి, వీధి మధ్యలో నిలబడి ఒంటికన్ను మూసి చూసి, గీత గీసినట్టుందని మురిసిపోయాడు.

మనసు తప్పు అంతకంటే పెద్దది. కంబం లేచిన మర్నాడు మాడసామి వచ్చాడు. అతని మనవరాలు విజి పన్నెండో తరగతి. క్లాసులు ఫోనులో వినాలి, ఇంట్లో సిగ్నలు రాదు. ఆ పిల్ల రోజూ సాయంత్రం కడలూరు రోడ్డు దాకా నడిచి, మూసిన అంగడి మెట్ల మీద లారీల దుమ్ములో కూర్చుని చదువుకుంటుంది. కంబం మా వాకిట్లోనే ఉంది కదా తమ్ముడూ, మాకూ ఒక తీగ దించు అన్నాడు. అడిగినదాంట్లో తప్పేముంది? కాని రెండిళ్లు లాగితే వేగం సగమైపోతుందని పెరుమాళ్‌కు భయం. పరీక్ష రోజున అవతల ఎవరో పాఠం వింటుంటే ఇక్కడ తన కూతురి లైను నిలిచిపోతే? తీగ అయిపోయిందన్నా అన్నాడు. అయిపోలేదు. నలభై మీటర్ల చుట్ట అటక మీద ఉంది. మాడసామి అతని మొహంలోకి కాసేపు చూసి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మూడు నెలలుగా ఆ ఇంటి వాకిట్లో నాటిన కంబం మీదనుంచి, ఆ ఇంటి పిల్ల నెత్తి మీదుగా తీగ పెరుమాళ్ ఇంటికి పోతోంది. లైను ఇవ్వని కంపెనీని తిట్టిన నోటితోనే పెరుమాళ్ ఆ పని చేశాడు.

ఆ రెండు తప్పులూ కూడబలుక్కున్నట్టు ఇవాళే ఎదురొచ్చాయి. సుగంధి రెండో పరీక్ష, ఆఖరి పరీక్ష, ఈ మధ్యాహ్నం రెండింటికి.

పొద్దున సుగంధి చీర కొంగు సర్దుకుంటూ చెప్పులు వేసుకుంది, అవ్వను చూసి వస్తానని. పుట్టినప్పటినుంచి ఆ ముసలామె ఒళ్లో పెరిగిన పిల్ల. పెరుమాళ్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇప్పుడొద్దమ్మా. చూస్తే మనసు చెదిరిపోతాది. పరీక్ష అయినాక పోదువులే."

"అయినాక యాడుంటాది నాయనా అవ్వ?"

అతను గుమ్మంలోంచి తప్పుకోలేదు. సుగంధి చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. మంచం మీదనుంచి భాగ్యం ఇద్దర్నీ చూసి ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుంది.

పెరుమాళ్ ఒక్కడే దండ పట్టుకుని ఎదురింటికి వెళ్లాడు. ముసలామె నుదుటి మీద రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టారు. కాళ్లు పట్టుకున్నప్పుడు మాత్రం అతనికి నిజంగా ఏడుపొచ్చింది. కాసేపు తీగ గుర్తు రాలేదు. బయటికొచ్చేసరికి మళ్లీ గుర్తొచ్చింది, ఎందుకంటే వాకిట్లో పాడె కడుతున్నారు. మామూలు పాడె కాదు. మునిమనవళ్లను చూసి పోయిన మనిషి, ఏడ్చే చావు కాదు, ఊరేగింపుగా సాగనంపే చావు. వెదురు బద్దలు వంచి గోపురంలాగా ఏడు అంతరువులు లేపుతున్నారు. అంతరువు అంతరువుకూ చామంతి దండలు. పైన పూల కలశం. పెరుమాళ్ కళ్లతోనే కొలిచాడు. తొమ్మిది అడుగులు. మోసేవాళ్ల భుజం అయిదు. మొత్తం పద్నాలుగు. కలశంతో కలిపే.

తీగ పదమూడు.

అలాంటి ఊరేగింపులు అతను ఎన్ని చూడలేదు? కరెంటు తీగ దగ్గరైతే డిపార్టుమెంటుకు చెప్పి ఆపుతారు. తక్కిన తీగలకు ఆ మర్యాద లేదు. ముందర ఒక మనిషి వెదురు కొనకు కొడవలి కట్టుకుని నడుస్తాడు. టీవీ తీగ అడ్డొస్తే టక్కున కోస్తాడు. శవం ముందర నిలబడి నా తీగ ఎందుకు కోశావని అడిగేవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎత్తిన పాడెను వెనక్కి తిప్పకూడదు. దారిలో దాని పూవు కూడా తుంచకూడదు. శ్మశానానికి వీధిలోంచి వేరే దారీ లేదు.

అడగాలనుకుని మాడసామి దగ్గరికి వెళ్లాడు. అయిదు గంటలకు ఎత్తకూడదా అన్న మాట నాలుక చివరన ఉంది. ఊడిపడింది మాత్రం ఇంకో మాట.

"ఎన్ని గంటలకు ఎత్తుతారన్నా?"

రాత్రంతా మేలుకున్న మాడసామి గడ్డం తెల్లగా మాసి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మూడుకు. ఏం, నీకు పనేమన్నా ఉండాదా?"

లేదన్నాడు పెరుమాళ్. లేదని ఎలా అనగలిగాడో తనకే తెలియలేదు.

ఇంటికొచ్చి నిచ్చెన వేసుకుని గోడ మీది బిగింపు చూశాడు. విప్పితే? విప్పితే వెనక ఇంకో వేలెడు తీగ కూడా లేదు, సూటిగా లోపలి డబ్బాలోకి పోతుంది. ఎక్కడా చుట్ట లేదు. అటక మీది తీగ అతకాలంటే మిషను తేవాలి, ఈ పూటకు కుదరదు. కర్రతో పైకెత్తితే? వంద అడుగుల తీగైతే మూరెడు లేస్తుంది. ఇది రెండు బిగింపుల మధ్య ఇరవై అడుగుల ముక్క. లోపల ఉన్నది వెంట్రుకంత గాజు. పైకి చెక్కుచెదరకుండా కనిపిస్తూనే లోపల పుటుక్కుమంటుంది. నిచ్చెన మీద నిలబడి అతను తన చేతులను తనే తిట్టుకున్నాడు. గుణశేఖరన్ ముందర తను నవ్విన నవ్వు చెవుల్లో వినిపించింది.

రెండింటికి సుగంధి తలుపేసుకుంది. కిటికీ పైన గాలి రావడానికి ఉన్న సందు మాత్రం తెరిచి ఉంది. బయటి చప్పుడుకు పరీక్ష పెట్టేవాళ్లకు అభ్యంతరం లేదు, మనిషే కనపడకూడదు. భాగ్యాన్ని వసారాలో కుర్చీలో కూర్చోబెట్టాడు. తను ఒక పొడవాటి వెదురు తెచ్చి, కొనన పంగలకర్ర కట్టి, పంగకు పాత గుడ్డ చుట్టాడు. తీగ కింద నిలబడ్డాడు. వీధిలో జనం చావింటికి వస్తూ పోతూ అతన్ని చూస్తున్నారు. మంచి పనివాడే, చావు రోజున కూడా తీగకు కాపలా కాస్తున్నాడని ఎవరో అననే అన్నారు. పెరుమాళ్ వినిపించుకోనట్టు నిలబడ్డాడు. ఎండ మాడుతోంది. రెండున్నర. పావు తక్కువ మూడు. లోపలినుంచి కీబోర్డు మీద వేళ్ల చప్పుడు ఆగి ఆగి వస్తోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా అతను తలెత్తి తీగ చూస్తున్నాడు.

మూడింటికి డప్పులు లేచాయి.

ముందర మాడసామి, తడి పంచెతో, చేతిలో నిప్పుకుండ. కుండ పట్టినవాడు వెనక్కి తిరగకూడదు. అతని వెనక కొడవలి కట్టిన వెదురు పట్టుకుని ఒక బంధువు. ఆ వెనక పాడె, ఎనిమిదిమంది భుజాల మీద, పూల గోపురం కొద్దిగా ఊగుతూ. వీధి చివరిదాకా సాగనంపడానికి ఆడవాళ్లు. వాళ్లలో విజి, తలనిండా జుట్టు విరబోసుకుని. పెరుమాళ్ లెక్క తప్పాలని కోరుకున్నాడు. ఒక్క జానెడు తప్పినా చాలు. లెక్క తప్పలేదు. పాడె ఇరవై అడుగుల దూరంలోకి వచ్చేసరికే కలశం తీగను మించి ఉందని అందరికీ తెలిసిపోయింది.

పెరుమాళ్ పంగలో తీగను పట్టి మెల్లగా ఎత్తాడు. నాలుగు వేళ్లు లేచింది. ఇంకొంచెం ఎత్తాడు. బిగింపు దగ్గర ఇనుము కిర్రుమంది. ఆ కిర్రు వెదురులోంచి అతని అరచేతుల్లోకి దిగింది. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం ఇంక వద్దని చెప్పింది. దించేశాడు. ఇంకా తొమ్మిది అంగుళాలు కావాలి.

"ఆపండన్నా," అన్నాడు. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. అడ్డంగా వెళ్లి మాడసామి ముందర నిలబడ్డాడు. డప్పులు ఒకటొకటే తడబడి ఆగాయి.

శవం ముందర దారి ఆపినవాణ్ని జనం ఎలా చూస్తారో పెరుమాళ్ ఆ రోజు చూశాడు. వెనకనుంచి గొణుగుడు లేచింది. పాడె మోస్తున్నవాళ్లు బరువు మార్చుకుంటూ కదలమన్నారు. కొడవలి పట్టుకున్న బంధువు ఇక ఎవర్నీ అడగకుండా వెదురు పైకెత్తాడు. కొడవలి అంచు తీగకు జానెడు దూరంలో ఎండకు మెరిసింది. పెరుమాళ్ రెండు చేతులతో ఆ వెదురు పట్టుకున్నాడు. పట్టుకుని, కుండ పట్టుకున్న మాడసామి మొహంలోకి చూశాడు. అబద్ధం ఆడటానికి ఇక చోటు లేదు.

"అన్నా, తీగ అయిపోలేదు. ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినా. నలభై మీటర్లు నా అటక మీద ఉండాది. మీకిస్తే నా బిడ్డకు స్పీడు తగ్గుతాదని దాచిపెట్టినా."

కుండలోంచి పొగ మాడసామి మొహం మీదికి లేస్తోంది. అతను కళ్లు ఆర్పలేదు.

"ఈ మాట ఇప్పుడా చెప్పేది?" అన్నాడు.

"ఇప్పుడే చెప్పే గతి పట్టింది."

మాడసామి మొహంలో కోపం ఉందో దుఃఖం ఉందో పెరుమాళ్‌కు తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి. తెలిసిందల్లా ఒకటే, కొయ్యమని అతను ఒక్క మాట అంటే కొయ్యడమే న్యాయమని వీధి మొత్తం ఒప్పుకుంటుంది. తనూ ఒప్పుకోవాల్సిందే. చేతులు మాత్రం వెదురు వదల్లేదు.

మాడసామి వెనక్కి తిరగకుండానే, ముందుకే చూస్తూ, మనవరాలిని పిలిచాడు. "విజీ. మెట్ల మీద కూర్చొని చదివింది నువ్వు. నువ్వే చెప్పు. కొయ్యాల్నా, వద్దా?"

ఆడవాళ్ల గుంపు పక్కకు జరిగింది. విజి ముందుకు రాలేదు, అక్కడే నిలబడింది. ఆ పిల్ల కళ్లు కంబం మీదనుంచి తీగ వెంబడి నడిచి, సుగంధి గది కిటికీ దగ్గర ఆగాయి. పెరుమాళ్ ఆ పిల్ల మొహం చూడలేక తల వంచుకున్నాడు. కొయ్యమంటుందనే అనుకున్నాడు. ఆ పిల్ల చోట తనుంటే కొయ్యమనేవాడు.

"వద్దు తాతా," అంది విజి. "అక్కకు ఇదే ఆఖరి తడవ."

మాడసామి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. తర్వాత పాడె మోస్తున్నవాళ్లకు వినపడేలా అన్నాడు.

"ఈడనే దించండి."

తెలుగువాళ్ల ఇళ్లలో పాడెను దారిలో ఒక్కచోట దించుతారు. దింపుడు కళ్ళం. చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, ఊపిరి ఏ మూలనైనా మిగిలుంటే పలుకుతారేమోనని. చుట్టుపక్కల ఊళ్ల పద్ధతులెన్నో ఒంటబట్టినా ఆ వెనక వీధివాళ్లు దీన్ని వదల్లేదు. ఎప్పుడూ దించే చోటు కాలువ అవతల, తూము పక్కన. ఇంటి ముందర, నడివీధిలో, ఎవరూ ఎప్పుడూ దించలేదు. ఒక పెద్దాయన అదే అన్నాడు, అది చోటు కాదు కదా అని. మా అమ్మ యాడ దిగితే అదే చోటు అన్నాడు మాడసామి.

ఎనిమిదిమందీ మోకాళ్లు వంచారు. పూల గోపురం ఊగుతూ, ఊగుతూ కిందికి దిగింది. పాడె నేలను తాకేసరికి కలశం తీగకు నాలుగడుగుల కిందికి వచ్చేసింది. పెరుమాళ్ వెదురు వదిలేశాడు. అరచేతుల్లో చర్మం లేచిపోయిందని అప్పుడు చూసుకున్నాడు.

పాడె దించిన చోట మాత్రం కుండ పట్టినవాడు తిరగవచ్చు, మాడసామి కుండతోనే వచ్చి తల్లి చెవి దగ్గర వంగాడు. డప్పు లేదు, ఏడుపు లేదు.

"అమ్మా. వెళ్ళైయమ్మా."

తొంభై రెండేళ్ల మనిషి పలకదని అందరికీ తెలుసు. తెలిసినా అందరూ చెవి ఒగ్గారు. ఆ నిశ్శబ్దంలో పైనున్న సందులోంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. టక టక. ఆగింది. మళ్లీ టక టక.

రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచేటప్పుడు మాడసామి గొంతు జీరపోయింది. లోపల వేళ్లు ఆగిపోయాయి. పెరుమాళ్ కళ్లు మూసుకున్నాడు. తీగ తెగిందా? తెగలేదే, ఎవరూ తాకలేదే. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. పదకొండు దాకా లెక్కపెట్టాడు. మళ్లీ టకటకమంది.

పాడెను మోకాళ్ల ఎత్తునే లేపి, చేతులతో పట్టుకుని, నాలుగడుగులు నడిపించి తీగ కిందనుంచి దాటించారు. దింపుడు కళ్ళం దగ్గర భుజాలు మార్చుకోవాలి. ముందు కుడివైపు మోస్తున్నతను పక్కకు తప్పుకోగానే ఆ చోటు ఒక్క క్షణం ఖాళీగా ఉంది. పెరుమాళ్ మాడసామి వైపు చూశాడు. మాడసామి పట్టుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"నీకోసరం దించలేదు," అన్నాడు చివరికి. "అమ్మ కంబానికి చోటిచ్చింది. ఆమె పోయే దినం ఆమె మాట నేను కొయ్యను."

పెరుమాళ్ తలాడించి భుజం పెట్టాడు. ముసలామె బరువే లేదు, ఉన్నదంతా పూలదీ వెదురుదీ. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. వీధి మలుపు దాటేదాకా అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి తీగ వైపు చూడలేదు. మూడు నెలల్లో అలా చూడకుండా నడవడం అదే మొదటిసారి.

తిరిగొచ్చి వాకిట్లోనే నీళ్లు పోసుకుని లోపలికి వచ్చేసరికి అయిదు దాటింది. సుగంధి గది తలుపు తీసి ఉంది. తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉంది ఆ పిల్ల. లైను తెగలేదని, మొత్తం రాసి పంపించానని చెప్పింది. బాగానే రాశాను నాయనా అంది. ఫలితం పది రోజులకు. ఆ మాటలన్నీ నెమ్మదిగా, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. పెరుమాళ్‌కు సంతోషపడాలని ఉంది. గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"అవ్వను మన ఇంటి ముందరనే దించినారు కదా," అంది సుగంధి.

"అవునమ్మా."

"మూడుసార్లూ వినిపించింది. మూడోసారి పెదనాయన గొంతు..." ఆపి, తల్లి చీర కుచ్చెళ్లు సర్దింది. "పోయిరా అవ్వా అని చెప్పాలనుకున్నా. ఆ ఒక్క మాట. పెదాలు కదిలితే పరీక్ష పోతాది కదా నాయనా. నోరు బిగబట్టుకొని ఉండిపోయినా."

అప్పుడు ఏడ్చింది. పొద్దుటినుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. భాగ్యం ఎడమ చెయ్యి కూతురి తల మీద పెట్టింది. పెరుమాళ్‌కు ఆ పదకొండు అంకెలు గుర్తొచ్చాయి. లోపల వేళ్లు ఆగినప్పుడు తను తీగ గురించే భయపడ్డాడు. తన కూతురు ఏం దిగమింగుతోందో ఒక్క అంకె దగ్గరైనా తట్టలేదు. గుమ్మానికి అడ్డం నిలబడింది తనే, చూడనివ్వనిది తనే. తప్పైపోయిందమ్మా అన్నాడు. సుగంధి తల ఎత్తలేదు.

కాసేపటికి అతను లేచి నిచ్చెన వేసి అటక మీదికి ఎక్కాడు. పాత గోనెసంచుల వెనక దాచిన తీగ చుట్టను కిందికి దించాడు. బూజు దులిపి తలుపు పక్కన, వీధిలో పోయేవాళ్లకు కనపడేలా పెట్టాడు. చావింట్లో పదహారు రోజులదాకా ఏ పనీ మొదలుపెట్టకూడదు. పదిహేడో రోజు పొద్దున్నే ఆ కంబం ఎక్కాలి. విజి చదువుకునే గది ఎటువైపో ముందు అడిగి తెలుసుకోవాలి. వేగం తగ్గితే తగ్గుతుంది, ఇద్దరూ సర్దుకుంటారు. పనిలో పనిగా వీధికి అడ్డంగా ఉన్న ముక్కనూ విప్పి, రెండు వైపులా తలా ఒక చుట్ట వదులుగా వేలాడేసి, పదహారు అడుగుల ఎత్తున కట్టాలనుకున్నాడు.